చూపుడువేలు మాట విననప్పుడు: ఒక కొరియా దయ్యాల వెబ్‌టూన్ సంకలనం

కొరియాలోని నేవర్ అనే ఇంటర్నెట్ పోర్టల్ 2011 వేసవిలో తన వెబ్‌టూన్ విభాగంలో, అంటే తెర మీద చదివే బొమ్మల కథల విభాగంలో, 'మిస్టరీ చిన్నకథలు' అని అర్థం వచ్చే పేరుతో ఒక బొమ్మల కథల సంకలనాన్ని నడిపింది. పలువురు చిత్రకారులు విడివిడిగా గీసిన దయ్యాల కథలు, అంతుచిక్కని సంఘటనల కథలు అందులో ఒకదాని వెనక ఒకటిగా వచ్చాయి. సంకలనం పేరును కొరియా బయట దాదాపు ఎవరూ తలచుకోరు. అందులో హొరాంగ్ అనే కలం పేరుగల చిత్రకారుడు గీసిన రెండు కథలు మాత్రం, అవి ఎక్కడివో, ఏ భాషవో కూడా తెలియని లక్షల మంది కంప్యూటర్లలోకి చేరాయి. వాటిలో మొదటిది 'ఓక్సు స్టేషన్ దయ్యం', రెండోది 'బొంగ్‌చన్‌దొంగ్ దయ్యం'. కొరియా భాషలో 'దొంగ్' అంటే పేట అని అర్థం, మన దొంగకూ దానికీ చుట్టరికం లేదు. సంకలనంలోని మిగతా కథలను పక్కనపెట్టి ఈ రెండింటి గురించే ఇక్కడ రాస్తున్నాను. పదిహేనేళ్ళ నాటి సంకలనాన్ని ఇవాళ వెతుక్కుని చదవడానికి కారణమంటూ ఉంటే అది వీటిలోనే ఉంది. చదవని వారు ముందు ఆ రెండు కథలూ చదివి వచ్చి ఈ వ్యాసం అందుకోవడం మంచిది. రెండూ కలిపి పావుగంట పని, ఇక్కడ నేను వాటి గుట్టు దాచబోవడం లేదు.

మొదట నా అనుభవం చెప్పి తర్వాత విచారణలోకి వెళ్తాను. బొంగ్‌చన్‌దొంగ్ కథను నేను ఒక రాత్రి పూట ల్యాప్‌టాప్‌లో, ఇంగ్లీషు అనువాదంలో చదివాను. పక్కన మా పిన్ని కూతురు కూర్చుని ఉంది. బడి యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి అర్ధరాత్రి కావస్తుండగా అపార్ట్‌మెంట్ల మధ్య దారిలో ఒంటరిగా నడిచి వస్తూ ఉంటుంది. ముందు ఒక స్త్రీ గులాబిరంగు బట్టల్లో, కీళ్ళు పట్టు తప్పినట్టు వంకరటింకరగా నడుస్తూ కనిపిస్తుంది. తాగి ఉందేమో అనుకుని అమ్మాయి అడుగు నెమ్మదిస్తుంది. నేను కూడా మౌస్ చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతున్నాను. ఒక్కో బొమ్మకూ మధ్య ఖాళీ పెరుగుతోంది. ఆ ఖాళీలో ఏదీ లేదు కదా అని చక్రాన్ని ఇంకొక్క పిసరు కదిపానో లేదో, పేజీ దానంతట అదే కిందికి దూకింది. ఆ స్త్రీ తల గిర్రున మా వైపు తిరిగింది. ఒకటి రెండు క్షణాల పని. తర్వాత పేజీ మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది.

"అక్కా, నువ్వేమైనా నొక్కావా?" అంది మా చెల్లి.

నేను నొక్కలేదు. నా చేయి అప్పటికే మౌస్ మీద లేదు, ఒళ్ళో ఉంది. ఈ కథల గొప్పతనమంతా ఆ ప్రశ్నలో ఉంది కనుక దాన్ని కొంచెం విడమరచి చెప్పాలి.

అచ్చు పుస్తకంలో బొమ్మల కథ చదివేటప్పుడు భయపెట్టే బొమ్మను ఎక్కడ పెట్టాలన్నది పాత విద్యే. కుడి చేతి పేజీ చివర ఒక తలుపు తెరుచుకుంటూ ఉంటుంది, పేజీ తిప్పితే గానీ తలుపు వెనక ఎవరున్నారో తెలియదు. పేజీ తిప్పే చేయి మాత్రం ఎప్పుడూ పాఠకుడిదే. ఇష్టం లేకపోతే పుస్తకం మూసి దిండు కింద పెట్టుకోవచ్చు. కొరియాలో 2003 లో దౌమ్, 2004 లో నేవర్ తమ పోర్టల్లలో బొమ్మల కథలకు విభాగాలు తెరిచాక ఈ లెక్క కొంత మారింది. వెబ్‌టూన్‌కు పేజీలు లేవు. పైనుంచి కిందికి జారే ఒకే ఒక పొడవాటి కాగితపు చుట్ట ఉంది. బొమ్మకూ బొమ్మకూ మధ్య వదిలిన తెల్లని చోటే కాలం. ఆ చోటు తక్కువైతే సంఘటనలు గబగబా జరిగినట్టు, ఎక్కువైతే ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. పాఠకుడి వేలు సినిమా యంత్రం తిప్పే ఆపరేటరు చేయి లాంటిది. వేగం, నిదానం, ఆగడం, వెనక్కి వెళ్ళడం అన్నీ ఆ వేలి ఇష్టం.

హొరాంగ్ చేసిందల్లా ఆ అధికారాన్ని ఒక్క క్షణంపాటు లాక్కోవడం. ఒకదాని కింద ఒకటిగా, కొద్దికొద్ది తేడాలతో గీసిన బొమ్మల వరుసను పేర్చి, పాఠకుడు ఒక చోటుకు చేరగానే బ్రౌజర్‌లోని చిన్న ప్రోగ్రాం ఆ వరుస మీదుగా పేజీని తానే వేగంగా లాగేసేలా ఏర్పాటు చేశాడు. చిన్నప్పుడు నోటు పుస్తకం అంచుల్లో బొమ్మలు గీసి, బొటనవేలితో పేజీలు గబగబా వదిలితే మనిషి పరుగెత్తినట్టు కనబడేది చూడండి, సూత్రం అదే. సాంకేతికంగా ఇందులో ఘనకార్యమేమీ లేదు. 2011 నాటికే అది చాలామందికి తెలిసిన పని. ఘనత అంతా అది ఎక్కడ, ఎన్నిసార్లు వాడాలో తెలియడంలో ఉంది. బొంగ్‌చన్‌దొంగ్ కథ మొత్తంలో ఆ దెబ్బ రెండే సార్లు పడుతుంది. తల తిరగడం మొదటిది. రెండోదాని గురించి చెప్పాలంటే కథ కొంచెం చెప్పాలి.

తల తిప్పిన స్త్రీ అమ్మాయి దగ్గరికి వచ్చి, నా బిడ్డ ఎక్కడ అని అడుగుతుంది. అమ్మాయి వణుకుతూ ఏదో ఒక దిక్కుకు వేలు చూపిస్తుంది. ఆ స్త్రీ అటు వెళ్తుంది. అమ్మాయి బతుకు జీవుడా అని వెనుదిరుగుతుంది. అప్పుడు వెనకనుంచి "అక్కడ లేదు" అన్న కేక వినబడుతుంది, పేజీ మళ్ళీ మన చేయి దాటిపోతుంది, ఆ ఆకారం తెర నిండా పరుగెత్తుకుంటూ మీదికి వచ్చేస్తుంది. మొదటి దెబ్బ తిన్న పాఠకుడికి రెండోది వస్తుందని తెలుసు. తెలిసే చక్రం మీద వేలు వేస్తాడు. ఒక మిల్లీమీటరు జరుపుతాడు, ఆగుతాడు, మరో మిల్లీమీటరు జరుపుతాడు. కథలో అమ్మాయి నడక ఎలా ఉంటుందో బయట పాఠకుడి వేలు నడక అచ్చం అలాగే అవుతుంది. ఉలికిపాటు పుట్టించడం చవకబారు పనే, చీకట్లో తలుపు చాటునుంచి "భౌ" అన్న ప్రతి చిన్నపిల్లవాడికీ అది చేతనవును. పాఠకుడి చేతనే భయాన్ని దగ్గరికి జరిపించుకోవడం మాత్రం వేరే రకం విద్య. ఈ రెండు దెబ్బల మధ్యనున్న నిశ్శబ్దం కోసమైనా ఈ కథ చదవాలని నా అభిప్రాయం.

కథ జరిగే చోటును కూడా కొంచెం పట్టించుకోవాలి. బొంగ్‌చన్‌దొంగ్ సియోల్ నగరంలో, హాన్ నదికి దక్షిణాన, క్వానక్ కొండ పాదాల దగ్గరి క్వానక్ జిల్లాలో ఉన్న నిజమైన పేట. పేరులోని అక్షరాలకు ఆకాశాన్ని శిరసావహించడం అనో, ఎత్తి పట్టుకోవడం అనో అర్థం చెప్పవచ్చు. అంత ఎత్తుపల్లాల నేల అది. కొరియా యుద్ధం తర్వాతి దశాబ్దాలలో పల్లెలనుంచి, నగరం నడిమధ్యనుంచి తరిమివేయబడిన పేదలు ఆ కొండ వాలులో గుడిసెలు వేసుకున్నారు. అలాంటి బస్తీలను కొరియాలో 'దల్‌దొంగ్‌నే' అంటారు, అంటే చందమామ పేట. చంద్రుడికి దగ్గరగా ఉండేంత ఎత్తున కట్టుకున్న ఇళ్ళు అని. తర్వాత ఆ బస్తీలను కూల్చి అక్కడ వరుసలు వరుసలుగా అపార్ట్‌మెంట్లు లేపారు. బొంగ్‌చన్ అన్న పేరుకు పేదరికపు వాసన అంటుకుని ఉందని 2008 లో ఆ జిల్లావారు పాలనా విభాగాలకు ఆ పేరు తీసేసి కొత్త పేర్లు కూడా పెట్టుకున్నారు. అంటే ఈ కథ వచ్చేనాటికి బొంగ్‌చన్‌దొంగ్ అన్నది పాలనా విభాగాల బోర్డుల మీదినుంచి పోయి, నోళ్ళలోనూ భూమి రికార్డుల్లోనూ మిగిలిన పేరు. దయ్యానికి అంతకన్నా తగిన చిరునామా దొరకదు. చిత్రకారుడు ఇదంతా ఆలోచించి పెట్టాడని నేను అనడం లేదు. అయితే చదివే కొరియా పాఠకుడికి ఆ పేరు వినగానే ఇదంతా మనసులో మెదులుతుంది, మనకు మెదలదు. అనువాదంలో జారిపోయేవి ఇలాంటివే.

అలాగే ఆ వేళకు బడిపిల్ల రోడ్డు మీద ఎందుకుందని అనువాదం చదివే వారికి సందేహం రావచ్చు. కొరియాలో ఉన్నత పాఠశాల పిల్లలు సాయంత్రం తరగతులయ్యాక కూడా రాత్రి పదింటిదాకా బడిలోనే కూర్చుని చదివే పద్ధతి చాలాకాలం గట్టిగా నడిచింది. పేరుకు అది 'స్వచ్ఛంద' చదువు. ఆపైన ట్యూషన్ కేంద్రాలున్నాయి. సియోల్ నగరం వాటిని రాత్రి పది తర్వాత నడపకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. కనుక అర్ధరాత్రి వేళ యూనిఫాంలో ఇంటికి నడిచి వచ్చే పిల్ల అక్కడ ఏ వింతా కాదు, ప్రతి వీధిలోనూ కనిపించే దృశ్యం. ఇంటర్మీడియట్ చదువుల కోసం హాస్టళ్ళలో తెల్లవారుజామునుంచి రాత్రిదాకా కూర్చున్న తెలుగు పిల్లలకు ఈ ఒక్క విషయంలో మాత్రం అనువాదకుడి సాయం అక్కరలేదు. అపార్ట్‌మెంట్లు కూడా అంతే. కొరియా కుటుంబాల్లో సగానికి పైగా అపార్ట్‌మెంట్లలోనే ఉంటాయి. కోటలు, అడవులు, పాడుబడ్డ బావులు మానేసి, ఒకే రకం కిటికీలున్న ఒకే రకం భవనాల మధ్య దారిలోకి దయ్యాన్ని తీసుకురావడం వల్ల, కథ ముగిశాక లిఫ్టు కోసం నిలబడ్డ ప్రతి పాఠకుడూ ఆ దారిలోనే ఉన్నట్టవుతుంది.

ఇక దయ్యం సంగతి. కొరియా జానపద కథల్లో బాగా పేరున్న దయ్యం పెళ్ళికాకుండా చనిపోయిన కన్య. తెల్లని చావుబట్టలు, ముఖం మీద విరబోసుకున్న జుట్టు. పాతకాలంలో పెళ్ళికాని పిల్లలు జడ వేసుకోవాలి, పెళ్ళయినవారు కొప్పు పెట్టుకోవాలి. జుట్టు విరబోసుకుందంటే ఆమె ఈ రెండు గడపలకూ చెందని మనిషని గుర్తు. మన పల్లెటూరి దయ్యం కూడా తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకునే తిరుగుతుంది కాబట్టి ఆ బొమ్మ మనకు పరాయిది కాదు. హొరాంగ్ మాత్రం తెల్లబట్టలను వదిలిపెట్టి ఆమెకు గులాబిరంగు ఇంటిబట్టలు తొడిగాడు. ఇల్లు విడిచి ఒక్కసారిగా బయటికి వచ్చేసిన మనిషి వేషం అది. జుట్టును, తీరని బాధను మాత్రం ఉంచాడు. తీరని అన్యాయం గడ్డకట్టి మిగిలిన ఆ బాధను కొరియావారు 'హన్' అంటారు. అక్కడి దయ్యాలు చాలావరకు దుర్మార్గం వల్ల పుట్టినవి కావు, ఈ హన్ వల్ల పుట్టినవి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగే ప్రశ్నకు అమ్మాయి అబద్ధం చెబుతుంది. భయంతోనే చెబుతుంది, అయినా అబద్ధం అబద్ధమే. రెండో దెబ్బ పడేది ఆ అబద్ధానికి. జానపద నీతి ఇక్కడ చాలా సన్నగా, మాట అనకుండా పనిచేస్తుంది.

దురదృష్టవశాత్తు చిత్రకారుడు అక్కడితో ఆగలేదు. కథ చివర కొన్ని వాక్యాల వివరణ పెట్టాడు. ఆ అపార్ట్‌మెంట్లలో ఒకావిడ ప్రాణం తీసుకుందని, ఆమె సంసారం చెడి బిడ్డ దూరమైందని, అప్పటినుంచి ఆమెను చూసినవారున్నారని అందులో చెబుతాడు. ఇది నిజంగా జరిగిందన్న రంగు పూయడానికి చేసిన పని. నాకు ఇది రెండు విధాలుగా నచ్చలేదు. మొదటిది, అప్పటిదాకా కారణం తెలియని ఆమె నడక, ఆమె ప్రశ్న, గులాబిరంగు బట్టలు ఒక్క పోలీసు నివేదికలాగా కుదించుకుపోతాయి. రెండోది, మరీ ముఖ్యమైనది, ఒక తల్లి దుఃఖం కేవలం మనను ఉలిక్కిపడేలా చేసే యంత్రానికి ఇంధనమైపోతుంది. బొమ్మల్లో ఆమె పట్ల ఉన్న కాస్త జాలి ఆ వాక్యాల్లో లేదు. దయ్యాల కథ రాసేవారికి చివర్లో సంజాయిషీ ఇవ్వాలనే కోరిక ఎందుకు పుడుతుందో గానీ, అన్ని భాషల్లోనూ ఈ జబ్బు ఉంది.

'ఓక్సు స్టేషన్ దయ్యం' కొద్ది వారాల ముందు వచ్చింది, నా దృష్టిలో నిర్మాణంలో ఇదే మెరుగైన కథ. రాత్రి పొద్దుపోయాక ఓక్సు మెట్రో స్టేషన్ ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూస్తున్న ఒక యువకుడికి, కాస్త దూరంలో ఒక స్త్రీ తూలుతూ కనిపిస్తుంది. అతడికి జాలి లేదు, భయం లేదు, ఉన్నదల్లా విసుగు. ఫోన్ తీసి, తాగిన ఆడమనిషి చేష్టలంటూ ఒక ఇంటర్నెట్ చర్చావేదికలో రాస్తాడు. కిందనుంచి వ్యాఖ్యలు పడుతూ ఉంటాయి. ఆటపట్టించేవారు, అబద్ధమనేవారు, ఇంకొంచెం దగ్గరగా వెళ్ళి చూడమని ఎగదోసేవారు. కథలో సగం భాగం ఆ రాతల రూపంలోనే నడుస్తుంది. తెర మీద కథ చదువుతున్న మనం తెర మీద ఆ రాతలు చదువుతున్న గుంపులో ఎప్పుడు కలిసిపోయామో గమనించం. ఆ స్త్రీ తూలడం ఆమె పని కాదేమో, వేరే ఏదో ఆమెను పట్టుకుని ఊపుతోందేమో అన్న అనుమానం రాతల మధ్యలో మెల్లగా తలెత్తుతుంది. చివరికి పట్టాల వైపునుంచి రక్తం ఓడుతున్న ఒక చేయి లేస్తుంది. అప్పటిదాకా కదలకుండా ఉన్న బొమ్మ కదిలి, ఆ చేయి తెరలోంచి బయటికి, చదువుతున్న మన వైపు చాచుకుంటూ వస్తుంది.

ఎందుకు చేయి? ముఖం ఎందుకు కాదు? కొరియా నమ్మకాల్లో 'ముల్ క్విషిన్' అనే నీటి దయ్యం ఉంది. నీళ్ళలో మునిగి చనిపోయినవారు ఆ చలిలో ఒంటరిగా ఉండలేక, బతికి ఉన్న మరొకరిని కాలు పట్టి లోపలికి లాగుతారని అంటారు. ముఖం కనబడదు, కిందనుంచి పట్టుకునే చేయి ఒక్కటే తెలుస్తుంది. ఓక్సు అన్న పేరుకు జేడ్ రాయిలాంటి నీరు అని అర్థం. స్టేషన్ కూడా హాన్ నది ఒడ్డునే ఉంది, అక్కడ బయలుదేరిన మూడో లైను రైలు వెంటనే వంతెన ఎక్కి నది దాటుతుంది. పట్టాల గుంత నీళ్ళు లేని నది అయింది, దయ్యం పాతదే, పద్ధతీ పాతదే. పాత నమ్మకాన్ని ఎత్తుకొచ్చి మెట్రో స్టేషన్‌లో కూర్చోబెట్టి, దాని పేరు ఒక్కసారి కూడా ఎత్తకపోవడం నాకు చాలా నచ్చింది. బొంగ్‌చన్‌దొంగ్ కథలో లేని నిగ్రహం ఇందులో ఉంది.

బొమ్మల నాణ్యత గురించి మెచ్చుకోలుగా చెప్పడానికి ఎక్కువ లేదు. ముఖాలు బిగుసుకుపోయి ఉంటాయి, భయపడిన అమ్మాయి ముఖానికీ ఆలోచిస్తున్న అమ్మాయి ముఖానికీ పెద్ద తేడా కనబడదు. రంగులు బూడిద, నలుపు, మసక పసుపు తప్ప మరొకటి అరుదు. గులాబిరంగు అంత బలంగా తగలడానికి అదీ ఒక కారణమేమో. చందమామలో శంకర్ గీసిన శవం భుజాన వేసుకున్న విక్రమార్కుడి బొమ్మను చూస్తూ పెరిగిన కంటికి ఇవి పేదగానే కనిపిస్తాయి. ఆ ఒక్క బొమ్మలో చెట్టు కొమ్మలు, పుర్రెలు, పాములు, రాజు కండరాలు అన్నీ ఉండేవి, ఎంతసేపు చూసినా తరిగేది కాదు. హొరాంగ్ బొమ్మను అరక్షణం కంటే ఎక్కువ చూడనవసరం లేదు, అతడి ఉద్దేశమూ అది కాదు. దానితో వచ్చే చిక్కు ఏమిటంటే రెండోసారి చదివినప్పుడు ఈ కథల్లో మిగిలేది సగమే. ఎక్కడ దెబ్బ పడుతుందో తెలిసిపోయాక వేలు ధైర్యంగా జారిపోతుంది. ఓక్సు కథ రెండోసారి కూడా కొంత నిలబడుతుంది, ఎందుకంటే వ్యాఖ్యలు రాసే ఆ గుంపు మొదటిసారి కంటే రెండోసారే ఎక్కువ అసహ్యం కలిగిస్తుంది.

వేసవిలోనే ఈ సంకలనం రావడం యాదృచ్ఛికం కాదు. ఎండాకాలంలో దయ్యం కథ విని వెన్నులో చలి పుట్టించుకోవడం కొరియాలో ఒక ఆచారంలాంటిది. చల్లదనం అందుకోవడం అనే అర్థంలో దాన్ని 'నమ్‌న్యాంగ్' అంటారు. మనకు దయ్యాల కథలంటే చలికాలపు నెగడో, కరెంటు పోయిన రాత్రో గుర్తొస్తుంది. వారికి చెమటలు పట్టే జూలై, ఆగస్టు నెలలు గుర్తొస్తాయి. కేబీఎస్ ప్రభుత్వ టీవీలో 1977 నుంచి 1989 దాకా నడిచిన 'ఐతిహ్యాల సొంతూరు' అనే ధారావాహిక తొమ్మిది తోకల నక్కను, తెల్లబట్టల కన్యను ఇంటింటికీ తెచ్చింది. నేవర్ 2013 వేసవి సంకలనానికి సరిగ్గా ఆ పేరే పెట్టుకుంది. హొరాంగ్ అందులో 'మసొంగ్ సొరంగం దయ్యం' అనే కథ ఇచ్చాడు. ఈసారి కారు, సొరంగం, చీకటి. పనితనం పెరిగింది, కదిలే బొమ్మలు మరింత నునుపుగా కదులుతాయి. అయినా నాకు అది మొదటి రెండింటి ముందు చప్పగా అనిపించింది. గారడీవాడు సంచిలో చేయి పెట్టేటప్పటికే జనానికి పావురం సంగతి తెలిసిపోయింది.

దయ్యపు చిన్నకథల్లో ఉలికిపాటు కాకుండా ఆలోచన కావాలనుకునే వారికి మరో సంకలనం చెప్పాలి. 2013 లోనే నేవర్‌లో మొదలైన ఓ సొంగ్‌దే రచన 'కికిక్వేక్వే', ఇంగ్లీషులో 'టేల్స్ ఆఫ్ ది అన్‌యూజువల్' అన్న పేరుతో దొరుకుతుంది. అది అనేకుల సంకలనం కాదు, ఒకే రచయిత ఏళ్ళ తరబడి ఒకదానికొకటి సంబంధం లేని వింత కథలు చెప్పుకుంటూ పోయిన మాల. అందులో 'అందాల నీరు' కథ బాగా పేరు పొందింది. ఆ నీటిలో ముఖం నానబెడితే మాంసం బంకమట్టిలా మెత్తబడుతుంది, ఇష్టం వచ్చినట్టు మలచుకోవచ్చు, అక్కరలేని కండ తీసి పారేయవచ్చు. ఇక్కడ దయ్యం లేదు, సీసా ఒకటుంది, వాడుక సూచనలున్నాయి, మనిషి ఆశ ఉంది. ఇందాకటి ఓక్సులో రైలెక్కి నది దాటితే వచ్చే మొదటి స్టేషన్ అప్‌గుజొంగ్. అందం దిద్దే శస్త్రచికిత్సల ఆసుపత్రులకు, 'ముందు–తర్వాత' ముఖాలు చూపించే వాటి ప్రకటనలకు ఆ చుట్టుపక్కల పేటలు పెట్టింది పేరు. ఒకే రైలు దారిలో, నదికి ఇటు ఒక రకం భయం, అటు మరొక రకం భయం. నన్ను ఏది ఎక్కువకాలం వెంటాడిందని అడిగితే అటువైపుదే అంటాను. హొరాంగ్ కథ ఆ రాత్రి నిద్ర చెడగొట్టింది. బంకమట్టి ముఖం మాత్రం చాలాకాలం తర్వాత కూడా అద్దం ముందు నిలబడినప్పుడు గుర్తొచ్చింది.

ఈ కథలు సినిమాలు కూడా అయ్యాయి. 'అందాల నీరు' 2020 లో చో క్యొంగ్‌హున్ దర్శకత్వంలో యానిమేషన్ చిత్రంగా వచ్చింది. 'ఓక్సు స్టేషన్ దయ్యం' 2023 లో చొంగ్ యొంగ్‌గి దర్శకత్వంలో వచ్చింది. జపాన్ దయ్యాల చిత్రం 'రింగు'కు స్క్రీన్‌ప్లే రాసిన తకహాషి హిరోషి దీని రచనలో పాలుపంచుకున్నాడు. కథానాయికను ఇంటర్నెట్ వార్తాసంస్థలో క్లిక్కుల కోసం పరుగెత్తే విలేఖరిగా మార్చడం తెలివైన ఆలోచన, వెబ్‌టూన్‌లోని వ్యాఖ్యల గుంపుకు అది సరైన బదులే. అయినా సినిమా తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడి చేతిలో మొదటినుంచీ ఏ అధికారమూ లేదు, లాక్కోవడానికి ఏముంటుంది? పావుగంటలోపు కథను గంటా ఇరవై నిమిషాలకు సాగదీసేసరికి చేయి ఎవరిదో, ఎందుకు లేచిందో అన్నీ వివరించాల్సి వచ్చింది.

చదవదలచినవారికి కొన్ని ఆచరణ విషయాలు. ఈ కథలను కంప్యూటర్‌లో, బ్రౌజర్‌లో, నేవర్ సొంత పేజీలో చదవాలి. కొరియా భాష రాకపోయినా బొంగ్‌చన్‌దొంగ్ కథలో మాటలు అతి తక్కువ కాబట్టి ఇబ్బంది లేదు, పైన చెప్పిన కథాసారం సరిపోతుంది. ఓక్సు కథకు మాత్రం అనువాదం తప్పనిసరి, అందులో సగం కథ వ్యాఖ్యల్లోనే ఉంది. బొమ్మలు కత్తిరించి వరుసగా అతికించి ఎవరెవరో పంచిపెట్టిన నకళ్ళలో పేజీ దానంతట అది కదలదు. అవి చదివితే ఏమీ చదవనట్టే. తెలుగులో ఈ రెండు కథలూ నాకు కనబడలేదు. క్రాస్ కామిక్స్ అనే కొరియా సంస్థ 2019 చివర్లో మన దేశంలో అడుగుపెట్టి కొన్నాళ్ళపాటు హిందీతోపాటు తెలుగులో కూడా వెబ్‌టూన్లు అందించింది గానీ, నేను చూసినంతలో వాటిలో ప్రేమకథలదే పెద్దపీట. నిజానికి ఓక్సు కథలోని ఆ వ్యాఖ్యలను తెలుగులో పెట్టడం మంచి అనువాదకుడికి పండగలాంటి పని. మన దగ్గర ఏ వీడియో కింద చూసినా ఆ గొంతులు యథాతథంగా దొరుకుతాయి.

చిన్నపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవారికి ఈ కథలు చూపించవద్దు. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు, ఆ రాత్రి మా చెల్లి కుర్చీతో సహా వెనక్కి పడబోయింది.

వారం తర్వాత మా చెల్లి, తన స్నేహితురాలెవరో పంపిన నకలును ఫోన్‌లో చదువుతూ నా గదిలోకి వచ్చింది. తల తిరిగే చోటు మీదుగా, పరుగెత్తుకొచ్చే చోటు మీదుగా వేలితో పైకీ కిందికీ నాలుగుసార్లు జరిపి చూసింది. బొమ్మలు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. "ఇంతేనా అక్కా? దీనికేనా ఆ రోజు అంత భయపడ్డాం?" అంది. ల్యాప్‌టాప్‌లో మళ్ళీ చూద్దామా అని అడిగాను. కాసేపు ఆలోచించి సరేనంది, కానీ మౌస్ మాత్రం నన్నే పట్టుకోమంది.